స్పీడు పెరిగినా మసకబారని నాదం: ఫిడేలు నాయుడుగారి కథ

మీ కాలేజీ బ్యాండులో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే కుర్రాడుంటే ఒక పని చేయమని అడగండి. యాంప్ మీద గెయిన్ నాబ్ బాగా పెంచి, తనకి వచ్చిన స్పీడు ముక్క ఒకటి వాయించమనండి. అదిరిపోతుంది. ఇప్పుడు అదే ముక్కని గెయిన్ తగ్గించి, క్లీన్ చానల్‌లో అదే స్పీడుతో వాయించమనండి. నూటికి తొంభై మంది కాస్త తడబడతారు. డిస్టార్షన్ ఉన్నంతసేపూ పెద్ద స్వరం, చిన్న స్వరం అన్నీ ఒకే ఎత్తున వినిపిస్తాయి. మింగేసిన స్వరం కూడా ఆ హోరులో కలిసిపోతుంది. క్లీన్ టోన్‌లో అలా కాదు. ఏ స్వరం సరిగా పలికింది, ఏది సగంలో చచ్చిపోయింది, ఏ తీగ అనవసరంగా మోగింది అన్నీ బయటపడిపోతాయి.

గిటార్ పట్టుకునేవాళ్లకే కాదు, ఉద్యోగాల వేటలో ఉన్న మీ అందరికీ ఈ సమస్య తెలిసిందే. రెజ్యూమె మీద హోరు ఎంతైనా పెంచుకోవచ్చు. ఇంటర్వ్యూ గదిలో ఉండేది మాత్రం క్లీన్ చానలే.

వేగంలోనూ శుభ్రంగా వినిపించే నాదాన్ని జీవితమంతా సాధన చేసిన మనిషి ఒకాయన మన విశాఖపట్నంలోనే పెరిగాడు. ఆయన చేతిలో యాంప్ లేదు, పెడల్ లేదు. నాలుగు తీగల ఫిడేలు, ఒక కమాను మాత్రమే ఉన్నాయి. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు. తెలుగునాట అందరికీ ఫిడేలు నాయుడుగారు.

చదువుకి అడ్డొచ్చిన చూపు

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. పెరిగింది మాత్రం విశాఖలోనే. అప్పటి విశాఖని ఇప్పటి ఊరితో పోల్చుకోకండి. మీరు చూసే హార్బర్ అప్పటికి లేదు, అది 1933లో తెరుచుకుంది. స్టీలు ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది 1971లో, అంటే ఆయన పోయిన ఆరేళ్లకి. అదప్పుడు సముద్రం పక్కన ఉన్న ఒక మోస్తరు పట్నం. అక్కడి కుర్రాడు బాగుపడాలంటే నాలుగక్షరాలు చదువుకుని ఏ సర్కారు ఆఫీసులోనో, రైల్వేలోనో చేరాలి.

ఆ దారి ఆయనకి మూసుకుపోయింది. కారణం చూపు. చిన్నప్పటి నుంచీ కళ్లు సరిగా కనిపించేవి కావు. పలక మీద అక్షరం, నల్లబల్ల మీద లెక్క కనిపించని పిల్లాడు బడిలో ఎంతకాలం నెట్టుకురాగలడు? చదువు మధ్యలోనే ఆగిపోయింది.

ఇలాంటి చోట ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నదాన్ని బట్టి జీవితం తిరుగుతుంది. నాయుడుగారి అన్న వెంకటకృష్ణయ్యకి ఫిడేలు వచ్చు. తమ్ముడికి ఆయనే మొదటి గురువయ్యారు. చూసి చదవలేని పిల్లాడు విని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఫిడేలుకి ఇది బాగా కుదిరింది కూడా. గిటార్‌కి మెట్లుంటాయి, వేలు కాస్త అటూఇటూ పడినా స్వరం దాని చోట అదే పలుకుతుంది. ఫిడేలుకి మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి పోతుంది. అక్కడ కంటితో చేయగలిగింది పెద్దగా లేదు, చెవే దిక్కు. బళ్లో లోపం అనిపించుకున్నది ఈ వాద్యం దగ్గర అంతగా అడ్డు కాలేదు.

అలాగని చూపు తగ్గడం మేలైంది అనుకోకండి. కష్టం కష్టమే. కానీ ఆ ఇంట్లో పిల్లాడికి రానిదాని గురించి ఏడుస్తూ కూర్చోకుండా, వచ్చేదాన్ని వెతికి చేతికిచ్చారు.

స్టూడెంటుగా వెళ్తే మాస్టారి కుర్చీ

1919లో విజయనగరం మహారాజావారు విజయరామ గజపతి తమ ఊళ్లో ఒక సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విశాఖ నుంచి విజయనగరం అరవై కిలోమీటర్ల లోపే. నాయుడుగారికి అప్పుడు 26వ ఏడు.

ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. నాయుడుగారు ఆ కాలేజీలో చేరి చదువుకుందామని వెళ్లారట. పరీక్షించేవాళ్లు ఫిడేలు విన్నారట. విన్నాక స్టూడెంటుగా తీసుకోవడం కుదరదని చెప్పి, పాఠం చెప్పే కుర్చీ ఇచ్చారట. కథలో పెరిగింది ఎంతో, జరిగింది ఎంతో పక్కన పెట్టండి. ఆ ఏడాదే ఆయన అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరారన్నది మాత్రం నిజం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చేతిలో సర్టిఫికెట్ లేదు. కానీ పాతికేళ్లు దాటేసరికే నలుగురు కూర్చుని పరీక్షించగలిగినంత పని ఉంది. ఈ రోజుల్లో డిగ్రీ లేకుండా మాస్టారి ఉద్యోగం రాదు, నిజమే. డిగ్రీ ఉన్నవాళ్లు వందమంది ఒకే గదిలో కూర్చున్నప్పుడు మాత్రం మళ్లీ ఆ పాత ప్రశ్నే వస్తుంది: వాయించి చూపించు.

కమానుకి మూడు నాబ్‌లు

నాయుడుగారికి అంత పేరు రావడానికి అసలు కారణం ఆయన నాదం. దక్షిణాది సంగీతంలోకి వయొలిన్ వచ్చి అప్పటికి వందేళ్లే దాటింది. 19వ శతాబ్దం తొలి సగంలో బాలుస్వామి దీక్షితార్, వడివేలు లాంటివాళ్లు దాన్ని మన సంగీతానికి మలిచారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, వాద్యాన్ని ఛాతీకి ఆనించి, రెండో కొసని కాలి మడమ దగ్గర పెట్టుకుంటారు. దాంతో ఎడమచేయి తేలిగ్గా జారుతుంది, గమకం బాగా పలుకుతుంది. కుడిచేతి పని, అంటే కమాను లాగడం, అంత శ్రద్ధగా నేర్చినవాళ్లు తక్కువ. నాయుడుగారు అక్కడే దృష్టి పెట్టారు. పాశ్చాత్య వయొలిన్ వాదకుల కమాను పద్ధతుల్లోని మంచిని తీసుకుని కర్ణాటక బాణీకి పొసిగేలా వాడుకున్నారు. రాగం మనదే, గమకం మనదే. నాదంలో మాత్రం గరుకు లేదు.

దీని వెనకున్న విషయం మీకు సులువుగానే అర్థమవుతుంది. కమాను వెంట్రుకలకి రోజిన్ రాస్తారు. కమాను లాగితే తీగ దానికి అతుక్కుని కొంత దూరం వస్తుంది, తర్వాత జారి వెనక్కి పోతుంది, మళ్లీ అతుక్కుంటుంది. సెకనుకి 440 కంపనాలుండే స్వరంలో ఇది సెకనుకి 440 సార్లు జరుగుతుంది. ఈ అతుకు-జారు లయ కుదిరితే నాదం తియ్యగా ఉంటుంది. కుదరకపోతే గరగర, లేదా కీచుమనే ఈల.

ఆ లయని కుదిర్చేవి మూడే. కమాను వేగం ఒకటి. తీగ మీద వేసే బరువు రెండు. బ్రిడ్జికి ఎంత దగ్గరగా లాగుతున్నామన్నది మూడు. బ్రిడ్జి దగ్గరికి వెళ్లేకొద్దీ నాదం పదునెక్కుతుంది, కానీ బరువు ఎక్కువ కావాలి, కమాను నెమ్మదించాలి. దూరం జరిగితే నాదం మెత్తబడుతుంది, తేలిక చేయి చాలు. ఒకటి మారిస్తే మిగతా రెండూ సర్దుకోవాలి. యాంప్ మీద నాబ్‌లు ఒకసారి తిప్పి వదిలేస్తే అలాగే ఉంటాయి. ఫిడేలు మీద ఈ మూడింటినీ ప్రతి స్వరానికీ చేతితోనే తిప్పుకోవాలి, అదీ ఆపకుండా.

వేగం పెరిగితే కష్టం ఎక్కడొస్తుందో లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 60 దెబ్బల లయలో, దెబ్బకి ఎనిమిది స్వరాలు వాయిస్తే ఒక్కో స్వరానికి దక్కేది సెకనులో ఎనిమిదో వంతు. అంటే 125 మిల్లీ సెకన్లు. స్వరం మొదట్లో గరగర 50 మిల్లీ సెకన్లు ఉందనుకోండి, నెమ్మదిగా వాయించేటప్పుడు ఎవరికీ తెలియదు. ఈ వేగంలో మాత్రం స్వరంలో నలభై శాతం చెత్తే. అందుకే వేగంగా వాయించేవాడికి అన్నిటికంటే ముఖ్యం స్వరం మొదలయ్యే క్షణం. అది శుభ్రంగా ఉంటే మిగతాది దాని వెంట వస్తుంది.

మొదటి కాలం దాటనిదే రెండోది లేదు

ఈ శుభ్రత ఎలా వస్తుంది? మన సంగీతంలో దీనికి పాత పద్ధతి ఉంది. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. ఒక్కోదాన్నీ మూడు కాలాల్లో సాధన చేయాలి. రెండో కాలం మొదటిదానికి రెట్టింపు వేగం, మూడోది దానికి రెట్టింపు. తాళం మారదు, చేతి దెబ్బ అదే. దాని లోపల పట్టే స్వరాలే పెరుగుతాయి.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, మొదటి కాలంలో దాగిన తప్పు మూడో కాలంలో నాలుగింతలు గట్టిగా బయటికొస్తుంది. అప్పుడు మూడో కాలంలోనే కుస్తీ పడితే లాభం లేదు. వెనక్కి రావాలి. మొదటి కాలంలో ఆ రెండు స్వరాల మధ్య వేలు ఎక్కడ ఆలస్యం అవుతోందో, కమాను ఎక్కడ తిరుగుతోందో చూసుకోవాలి. కోడింగ్ నేర్చుకునే కుర్రాళ్లకి డీబగ్గింగ్ అని చెబితే వెంటనే అర్థమవుతుంది, ఇదీ అదే.

నాయుడుగారు తంబురా నాదం మీద కూడా లోతుగా పరిశీలన చేసి రాశారు. ఫిడేలు విద్వాంసుడికి తంబురాతో పనేంటి అనుకోవచ్చు. శుభ్రమైన స్వరం అనేది దాని అంతటది ఉండదు, దేనితోనో పోల్చుకుంటేనే తెలుస్తుంది. మెట్లు లేని వాద్యానికి ఆ కొలబద్ద తంబురానే. కొలబద్దే సరిగా లేకపోతే ఎన్ని గంటలు సాధన చేసినా తప్పునే గట్టిపరుచుకోవడమవుతుంది. మీ సాధనకి తంబురా ఏదో ఆలోచించుకోండి. పాత ప్రశ్నపత్రాలా, మొహమాటం లేకుండా చెప్పే సీనియరా, రికార్డు చేసుకుని విన్న మీ గొంతేనా?

పక్కన కూర్చోవాల్సిన వాద్యం

ఆ రోజుల్లో కచేరీలో ఫిడేలు స్థానం పక్కనే. గాయకుడు మధ్యలో, ఫిడేలు ఒక పక్క, మృదంగం ఇంకో పక్క. పాడేవాళ్లు ఏ సంగతి వేస్తే దాన్ని అందుకోవాలి, వాళ్లు వదిలిన చోట కొద్దిగా వాయించాలి. అది గొప్ప విద్యే. ముందు తెలియని సంగతిని ఆ క్షణంలో పట్టుకోవాలంటే చెవి, చేయి రెండూ చురుగ్గా ఉండాలి. నాయుడుగారు ఆ పనీ చేశారు.

అయినా ఫిడేలుకి ఒంటరిగా ఒక కచేరీని నడిపే శక్తి ఉందని ఆయన నమ్మకం. 1938లో వెల్లూరులో ఆయన సోలో వయొలిన్ కచేరీ చేశారు. కర్ణాటక సంగీతంలో అదే మొదటి వయొలిన్ సోలో అని చెబుతారు. ఇప్పుడు మామూలుగా అనిపించే సంగతే. అప్పుడు మాత్రం పందెమే. పక్కన గాయకుడుంటే జనం చెవి ఆయన మీద ఉంటుంది, సాహిత్యం ఆదుకుంటుంది. సోలోలో మాటలు లేవు, దాక్కోవడానికి చోటు లేదు. రెండు మూడు గంటలపాటు జనాన్ని కూర్చోబెట్టాల్సింది ఒక్క నాదమే.

కాలం కూడా మారుతోంది. 1938లోనే మద్రాసులో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. గ్రామఫోను రికార్డులు ఇళ్లలోకి వచ్చాయి. సభల్లో మైకులు కనిపించడం మొదలైంది. మైకు సంగతి మీకు తెలుసు కదా, అది నాదాన్ని పెంచుతుంది, గరగరనీ అంతే పెంచుతుంది. పెద్ద హాల్లో దూరాన కూర్చున్నవాళ్లకి చేరని చిన్న చప్పుళ్లు రేడియోలో చెవి పక్కనే వినిపిస్తాయి. గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే. ఆ మూడు నిమిషాల్లో రాగం ముఖం కనిపించాలి, తప్పుకి చోటు లేదు. కరెంటు వచ్చి వాద్యాన్ని పెద్దది చేసిన ఆ రోజుల్లో, ముందే శుభ్రం చేసుకున్న చేయి ఉన్నవాళ్లకి లాభం కలిగింది. నాయుడుగారి రికార్డులు ఇప్పటికీ వింటున్నారంటే కారణం అదే. పాత రికార్డుల గీతల చప్పుడు వెనక కూడా ఫిడేలు తేటగా వినిపిస్తుంది.

ప్రిన్సిపాల్ గది, మద్రాసు సభ

1936లో నారాయణదాసు తర్వాత నాయుడుగారే ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల చదువుకున్నది ఆ కాలేజీలోనే. తర్వాతి రోజుల్లో పి.సుశీల కూడా అక్కడే నేర్చుకున్నారు. సినిమా పాటల్లో మీకు ఇష్టమైన రెండు గొంతులకి పునాది పడిన చోటు అది.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. చూపు ఆనక బడి మానేసిన ఊళ్లోనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది.

1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ భారతదేశానికి వచ్చారు. మద్రాసులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట్లో నాయుడుగారి వాదన విని ఎంతో సంతోషించారు. ఈ సంఘటనని తెల్లవాడు మెచ్చుకున్నాడన్న గొప్పగా చూడొద్దు. మెనుహిన్‌కి రాగం కొత్త, గమకం కొత్త, నేల మీద కూర్చుని వాయించడం కొత్త. తెలిసినదల్లా నాదం. వయొలిన్ నుంచి మంచి నాదం తీయడం ఎంత కష్టమో అప్పటి ప్రపంచంలో ఆయనకి తెలిసినంతగా తెలిసినవాళ్లు కొద్దిమందే. భాష తెలియనివాడికి కూడా చేరేది ఆ శుభ్రతే. రేపు వేరే రాష్ట్రంలోనో, వేరే దేశంలోనో ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీకూ ఇది అనుభవంలోకి వస్తుంది.

మీ యాంప్ దగ్గరికి వద్దాం

గిటార్ నేర్చుకుంటున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. స్పీడుగా వాయించడానికి క్లీన్ టోన్ పెట్టుకోవాలంటే ముందు గెయిన్ తగ్గించండి. మీరు కొట్టగలిగిన అన్నిటికంటే గట్టి దెబ్బకి కూడా నాదం పగలకూడదు, అక్కడ ఆపండి. కావలసిన శబ్దం మాస్టర్ వాల్యూమ్ నుంచి తెచ్చుకోండి. బాస్ కొంచెం తగ్గించండి, వేగంలో అడుగు స్వరాలే ఒకదాని మీద ఒకటి పడి బురదగా మారతాయి. మిడ్ ఉంచండి, స్వరం ముఖం అక్కడే ఉంటుంది. ట్రెబుల్ మరీ పెంచితే పిక్ చప్పుడే మిగులుతుంది.

డిలే, రివర్బ్ విషయంలో పైన వేసిన లెక్కే గుర్తుంచుకోండి. సెకనుకి ఎనిమిది స్వరాలు వాయిస్తూ 400 మిల్లీ సెకన్ల డిలే పెడితే, మూడు స్వరాలు దాటిపోయాక పాత స్వరం వచ్చి కొత్తదాని మీద పడుతుంది. కంప్రెసర్ కొద్దిగా పెడితే స్వరాల ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. ఎక్కువ పెడితే తీగల గీతలు, వేళ్ల చప్పుడు కూడా పైకి లేస్తాయి. వాయించని తీగల్ని అరచేతి అంచుతో, ఖాళీ వేళ్లతో మూసి ఉంచండి. హాస్టల్లో హెడ్‌ఫోన్స్‌లో కుదిరిన టోన్ ఫెస్ట్ స్టేజీ మీద కుదరదు, స్టేజీ సౌండ్‌లో మళ్లీ సరిచూసుకోండి.

ఆ తర్వాత రోజూ సాధనలో మొదటి అరగంట క్లీన్ చానల్‌లోనే వాయించండి. నెమ్మదిగా, మెట్రోనోమ్ పెట్టుకుని, మూడు కాలాల్లో. మూడో కాలం మసకబారిందా, మొదటి కాలానికి రండి. డిస్టార్షన్ పెట్టొద్దని కాదు, అదీ ఒక రంగే. చేయి శుభ్రమయ్యాక ఏ రంగు వేసినా బాగుంటుంది.

గిటార్ లేనివాళ్లు కూడా ఇది చేసుకోవచ్చు. గ్రూప్ డిస్కషన్లో గట్టిగా మాట్లాడితే దాగిపోయే తప్పులు, ఎదురుగా ఒక్కరే కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగితే దాగవు. ఆప్టిట్యూడ్ పరీక్షకి షార్ట్‌కట్‌లు బట్టీ పట్టే ముందు అదే లెక్కని పూర్తిగా, నెమ్మదిగా, ఎందుకలా వచ్చిందో చెప్పుకుంటూ చేయండి. వారం రోజుల తర్వాత గడియారం పెట్టుకోండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికే తిరిగి వెళ్లండి. ఇందులో చమత్కారం ఏమీ లేదు, విసుగు మాత్రం ఉంటుంది. ఆ విసుగుని రోజూ కాసేపు భరించగలిగినవాళ్లకే వేగం నిలుస్తుంది.

నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. కూతురు మంగతాయారు కూడా వయొలిన్ విదుషీమణిగా పేరు తెచ్చుకున్నారు. ఆయన బాణీ శిష్యుల ద్వారా, ద్వారం కుటుంబంలోని విద్వాంసుల ద్వారా ఇప్పటికీ వినిపిస్తోంది. 1993లో శతజయంతికి తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. విశాఖలో ఆయన విగ్రహమూ ఉంది.

ఆయన పాత రికార్డులు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. ఒక్క ముక్క పెట్టుకుని రెండుసార్లు వినండి. మొదటిసారి రాగం కోసం, రెండోసారి కమాను దిశ మారే చోట చప్పుడు వినిపిస్తుందేమో పట్టుకోవడం కోసం. తర్వాత మీ పని ఏదైనా సరే, దాన్ని మొదటి కాలంలో పెట్టి మొదలుపెట్టండి.